చిట్కుల్ వంటింట్లో నేర్చిన జపనీసు

ఎక్కడికెళ్ళొచ్చావని అడిగిన వాళ్ళకు పటాన్‌చెరు అని చెప్పాను. మా తెనాలిలో ఆ జవాబు విన్నాక ఎవరూ రెండో ప్రశ్న వెయ్యలేదు. ఊటీ అనుంటే ఫోటోలు చూపించమనేవారు. కాశీ అనుంటే గంగ అడిగేవారు. పటాన్‌చెరు నుంచి జపనీసు భాష తెచ్చుకున్నానని చెబితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారేమోనని నేనూ ఊరుకున్నాను. ఆ ఊరు చూడనివాళ్ళ కోసం ఇక్కడ చెబుతున్నాను.

ముందు నా అర్హతలు. నేను పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పే మనిషిని. పన్నెండేళ్ళ కిందట మోకాలు విరిగి మంచం మీదున్నప్పుడు కాలక్షేపానికి జపనీసు మొదలుపెట్టాను. మోకాలు అతుక్కుంది, భాష మాత్రం వదల్లేదు. రెండు పరీక్షలు ప్యాసయ్యాను. ఆ సర్టిఫికెట్లు ఫ్రేములు కట్టించి ఫ్రిజ్జు పైన గోడకు తగిలించాను. ఇంట్లో కూర్చుని యంత్రాల పుస్తకాలు అనువాదం చేస్తుంటాను. జపాన్ మనిషిని మాత్రం అంతవరకూ ఎదురుగా చూసిన పాపాన పోలేదు.

అలాంటి నాకు హైదరాబాద్ ఏజెన్సీ వాళ్ళు ఫోన్ చేశారు. వాళ్ళ దుబాసీకి ఆటలమ్మ పోసిందట. పటాన్‌చెరు అవతల ఒక ఫ్యాక్టరీలో నాలుగు రోజులు జపాన్ ఇంజనీరు పక్కన నిలబడి ఆయన మాటలు తెలుగులో చెప్పాలట. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. మా ఆయన నా సూట్‌కేసు జిప్పు లాగుతూ, "నీకొచ్చిన జపనీసు ఆయనక్కూడా వచ్చో రాదో కనుక్కున్నావా?" అన్నాడు. కుళ్ళుమోతుతనం అనుకున్నాను.

లింగంపల్లి నుంచి పటాన్‌చెరు

లింగంపల్లిలో రైలు దిగి ఎక్కిన బస్సులో అందరూ ఆడవాళ్ళే. ఎవరూ టికెట్టు కొనడం లేదు. నేనూ దర్జాగా ఆధార్ కార్డు తీసి చూపించాను. కండక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"గిది ఆంధ్రది. ఈడ నడువది. టికెట్ తీస్కోవాలె."

బస్సులో ఉన్న ఒకే ఒక్క టికెట్టు మనిషిని ఎలా చూడాలో ఆ ఆడవాళ్ళందరికీ బాగా తెలుసు. పక్క సీటావిడ జాలిగా అడిగింది: "మీ దిక్కు గూడ ఫ్రీ పెట్టిన్రంట గద?"

"పెట్టారండి."

"మరి గాడ ఫ్రీ ఇడిసిపెట్టి గీడికెందుకొచ్చిన్రు?"

 ముప్ఫై రూపాయల టికెట్టు మడిచి పర్సులో పెట్టుకున్నాను.

పటాన్‌చెరులో దిగగానే ముంబై రోడ్డు మీద లారీలు, గాలిలో మాత్రల సీసా మూత తీసినట్టు వాసన. నాకు బస చూసిన చిట్కుల్ ఊరికి ఆటో ఎక్కడ దొరుకుతుందని ముగ్గురిని తెలుగులో అడిగాను. ముగ్గురూ హిందీలో జవాబిచ్చారు. అందులో ఒకాయన ఒడిశా నుంచి వచ్చి నెలే అయిందని, దారి నన్నే అడిగాడు. చివరికి చాయ్ బండి మనిషి తెలుగులో చెప్పాడు కానీ, ముందు చాయ్ తాగించి మరీ చెప్పాడు. కప్పు పదిహేను రూపాయలు. మా ఊరి కాఫీ గ్లాసులో మూడో వంతు కూడా ఉండదు, కానీ తాగాక రెండు కళ్ళూ విడివిడిగా తెరుచుకుంటాయి.

చిట్కుల్: కరుణమ్మ ఇల్లు

నాకు బస ఇచ్చింది కరుణమ్మ. యాభై అయిదేళ్ళుంటాయి. పగలు ఫ్యాక్టరీ క్యాంటీన్ నడుపుతుంది. ఇంటిపైన ఉన్న రెండు గదులు ఫ్యాక్టరీకి వచ్చే అతిథులకు ఇస్తుంది. మా ఇంజనీరు మోరిగారు పక్క గదిలోనే ఉన్నాడు. ఫ్యాక్టరీ కట్టిన కొత్తలో రెండేళ్ళు ఈ ఇంట్లోనే ఉన్నాడట. ఇప్పుడు ఎప్పుడొచ్చినా పెద్ద హోటలు వద్దని ఇక్కడే దిగుతాడట.

అరవై దాటిన సన్నటి మనిషి, లుంగీలో కుర్చీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని పల్లీలు తింటున్నాడు. నేను పుస్తకంలో ఉన్నట్టు నడుం వంచి, నాలుగు వాక్యాల మర్యాద అప్పజెప్పాను. ఆయన పల్లీ నములుతూ, "ఆ, దోమొ" అన్నాడు.

నేను గబుక్కున నా మెడ మీద చరుచుకున్నాను.

"దోమ లేదు మేడం," అంది కరుణమ్మ, ప్లేటు పెడుతూ. "నమస్తె అన్నట్టు."

ఆ మాట నాకు తెలియనిది కాదు. పుస్తకంలో దానికి ముందూ వెనకా ఇంకో అరడజను మాటలుంటాయి. పుస్తకంలో గజం పొడవుండే వాక్యం మోరి నోట్లోంచి జానెడు వచ్చేది. మిగతాది పల్లీతో పాటు మింగేసేవాడు.

రాత్రి భోజనంలో జొన్నరొట్టె, పుంటికూర. పుంటికూర అంటే ఏదో కొత్త కూర కాబోలని వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే, గోంగూర! గుంటూరు జిల్లాలో పుట్టి, గోంగూరకు ఇంకో పేరుందని యాభయ్యో పడిలో తెలుసుకున్నాను. ప్రార్థన చేసుకుని ముద్ద నోట్లో పెట్టుకున్న కరుణమ్మ నా మొహం చూసి, "మంచిగలేదా?" అని అడిగింది. చాలా బాగుందని చెప్పాను. అది నిజమే.

ఫ్యాక్టరీ

మర్నాడు నా నెత్తిన ఒక ఎర్ర హెల్మెట్ పెట్టి, పసుపు గీత దాటవద్దని చెప్పి, పెద్ద ప్రెస్ ముందు నిలబెట్టారు. ఇనుప రేకు మీద పైనుంచి ఉక్కు అచ్చు దబ్బున దిగుతుంది, రేకు గిన్నెలా వంగి బయటికొస్తుంది. ఆ అచ్చును డై అంటారు, పైభాగాన్ని పంచ్ అంటారు. డై కొత్తది, జపాన్ నుంచి వచ్చింది. దాన్ని పరీక్షించడానికే మోరి వచ్చాడు.

యంత్రం నడిపేది ఖాజా. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, సదాశివపేట మనిషి. నన్ను చూడగానే తన స్టూలు తెచ్చి వేసి, "కూసోన్రి మేడం, కాళ్ళు గుంజుతయి" అన్నాడు.

పదకొండు గంటల దాకా అంతా బాగానే సాగింది. మోరి వేళ్ళతో చూపించేవాడు, ఖాజాకు అర్థమైపోయేది, మధ్యలో నేను గంభీరంగా తల ఊపేదాన్ని. అప్పుడు యంత్రం చప్పుడు కొంచెం మారింది. మోరి ఒక చెవి అటు పెట్టి విన్నాడు. "కొరె, తొమెనక్యా" అని గొణిగి, ప్రెజర్ మీటరు చూడ్డానికి వెనకవైపు వెళ్ళాడు.

"క్యా?" అన్నాడు ఖాజా. "క్యా అంటుండు? ఏమడుగుతుండు మేడం?"

'తొమె' అంటే ఆపడం. పక్కన 'న' వచ్చిందంటే వ్యతిరేకం. రెండూ నాకు వచ్చు. ఆ చివరి 'క్యా' మాత్రం నా పుస్తకాల్లో ఎక్కడా తగల్లేదు. ఉర్దూ వచ్చిన ఖాజాకు తగిలింది కానీ, అది వేరే క్యా.

"ఏమీ అడగట్లేదు. ఆపొద్దంటున్నారు."

"ఆపొద్దంటుండా? సౌండ్ మారింది గద మేడం. జెర ఆపి సూద్దమా?"

"వద్దు. ఆపొద్దనే అన్నారు," అన్నాను, పదో తరగతి పిల్లల నోరు మూయించే గొంతుతో.

ఖాజా ఆపలేదు. మూడో దెబ్బకు ఫట్ మని పెద్ద చప్పుడైంది. పంచ్ అంచు అరచేయంత మేర విరిగి కిందపడింది.

మోరి పరుగెత్తుకొచ్చాడు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "ఆ… వరెచత్తా" అన్నాడు. 'వరె' అంటే పగలడం. మిగతా 'చత్తా'ను నేను తెలుగులో చెత్త అనే అర్థం చేసుకున్నాను. ఆ పూటకు అదే సరిపోయింది.

ప్రొడక్షన్ మేనేజరు శ్రీధర్ వచ్చాడు. మోరి ఆయనతో తనకొచ్చిన ఇంగ్లీషులో, "ఐ సే స్టాప్. నో స్టాప్" అన్నాడు.  శ్రీధర్ నా వైపు తిరిగాడు.

"ఆపమనే కదా మేడం అన్నారు ఆయన?"

అక్కడ నిలబడి ఉన్నవాళ్ళు పన్నెండు మంది. నా కళ్ళ ముందు ఫ్రిజ్జు పైనున్న రెండు ఫ్రేములు కనబడ్డాయి. "అవును" అన్నాను.

ఖాజా నన్ను చూశాడు. "మేడం…" అన్నాడు. 

"చెప్తే సమజ్ కాదారా నీకు?" అని శ్రీధర్ అతని మీద విరుచుకుపడ్డాడు. "ఆంధ్ర తెలుగు తెల్వకుంటె మల్ల అడగాలె గద! రేపట్నుంచి లోడింగ్‌కు పో." ఖాజా చేతి తొడుగులు తీసి స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయాడు. అది పొద్దున నాకు వేసిన స్టూలే.

పుంటికూర ఏరుతూ

సాయంత్రం కరుణమ్మ ఇంటి వెనక గచ్చు మీద పుంటికూర కట్టలు విప్పి కూర్చుంది. సాయం చేస్తానని నేనూ కూర్చున్నాను.

"కరుణమ్మగారూ, మోరిగారు 'నక్యా' అంటుంటారు కదా, మీకేమైనా తెలుసా?"

"నక్యానా? పోవాలె, చెయ్యాలె, తప్పదన్నట్టు. రోజూ పొద్దుగాల 'ఒకినక్యా' అంటడు. లెవ్వాలె అన్నట్టు. గట్లనుకుంట మల్ల పంటడు."

నా చేతిలో కట్ట అలాగే ఉండిపోయింది. "మరి అందులో 'న' ఉంది కదండీ? వద్దు అని కదా అర్థం?"

"నాకు అచ్చరమే రాదు, ఇగ మీ 'న'లు నాకేమెర్క మేడం?" అని కాసేపు ఆలోచించింది. "మనం అనమా, 'పోకపోతే ఎట్ల' అని? పోవాలెననే గద. అండ్ల గూడ 'పోక' ఉన్నది గద. ఆయిన ఆఖరుకు 'ఎట్ల' అనేది మింగేస్తడు. ఉత్తగ 'పోకపోతే…' అని ఇడిసిపెడ్తడు. అంతే."

తొమెనకెరెబ నరిమసెన్. ఆపకపోతే కుదరదు. ఈ వాక్యం పూర్తిగా చెబితే నిద్రలో కూడా గుర్తుపడతాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. దాని తోక కోసి చేతిలో పెడితే, ఏ జంతువో చెప్పలేకపోయాను. రెండేళ్ళు అన్నం పెట్టినావిడకు వచ్చిన భాష, పన్నెండేళ్ళు పుస్తకం చదివిన నాకు రాలేదు.

"మరి 'చత్తా'?"

ఆవిడకు నవ్వొచ్చింది. "గదా? ఓసారి చింతకాయ తొక్కు సీసంత ఒక్కనాడే తినేసిండు. ఉత్త సీస నా చేతిల వెట్టి 'తబెచత్తా' అన్నడు. తినేసిన, అయిపాయె, ఇగ నేనేం చెయ్య అన్నట్టు. తెల్లారి కడుపు పట్టుకొని 'తబెనక్యా యొకత్తా' అని మూలుగుడు."

"తబెనక్యా అంటే తినాలి అని కదా?"

"ఉత్తగ ఇడిసిపెడ్తె తినాలె. ఎనక యొకత్తా ఒస్తె, తినకపోతే మంచిగుండు."

కడుపునొప్పితో ఒక మనిషి మూలిగితే దాంట్లోంచి వ్యాకరణం పట్టుకుంది ఆవిడ. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, నా ముందున్న గిన్నెలోకి వంగి చూసింది.

"మేడం, ఆకు పారేసి కాడలు ఏస్తున్రు."

నిజమే. ఆకులన్నీ నా చీర కుచ్చిళ్ళ చుట్టూ పడున్నాయి.

"క్యాంటీన్ల అందరు ఖాజా పగలగొట్టిండంటుండ్రు," అంది, ఆకులు ఒక్కొక్కటే ఏరుకుంటూ. "ఖాజా అట్లాంటోడు కాదు. ఆరేండ్ల సంది కాంట్రాక్టుల ఉన్నడు. ఈ నెల పర్మనెంట్ లెటర్ ఇస్తమన్నరు. ఇయ్యాల మేనేజర్ సార్ పేరు కొట్టేసిండంట."

నేనే తప్పు చెప్పానని, పైగా అబద్ధమాడానని చెప్పేశాను. ఆవిడ ఓదార్చలేదు, తిట్టలేదు. చేతులు దులుపుకుని, "చెప్పాలె గద మరి," అంది. "జపాన్ మాటల ఏమంటరు?"

"ఇవనక్యా," అన్నాను.

"గదే. ఇగ మోరి సార్‌కు ఎట్ల చెప్తరో నాకు జెప్పున్రి."

అప్పుడు మా రిహార్సల్ మొదలైంది. కరుణమ్మ కాళ్ళు పైకి పెట్టుకుని మోరి అయింది. నేను పుస్తకం భాషలో క్షమాపణ మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టింది. "గంత లంబగ చెప్తె ఆయిన నిద్ర పోతడు. 'మచిగయెచత్తా' అనున్రి. తప్పు జేసేసిన అన్నట్టు."

"మంచిగాయె అన్నట్టు వినబడుతోందండీ."

"ఇనస్తది గని, కాదు," అంది.

సంగారెడ్డి

మూడో రోజు పొద్దున విరిగిన పంచ్‌ను టాటా ఏస్‌లో ఎక్కించుకుని సంగారెడ్డి అవతలున్న టూల్‌రూమ్‌కు బయల్దేరాం. ముందు సీట్లో డ్రైవరు, మోరి, ఇరుక్కుని నేను. వెనక పంచ్ దొర్లకుండా పట్టుకోవడానికి లోడింగ్ మనిషి ఒకడు కావాలి. ఆ మనిషి ఖాజా.

 రుద్రారం దాటాక మోరికి చెప్పాను. "మచిగయెచత్తా." నేను 'తొమెనక్యా'ను ఆపొద్దని విన్నానని, ఖాజా రెండుసార్లు అడిగినా వద్దన్నానని, అవునని అబద్ధం చెప్పానని. చివర, "హయకు ఇయెబా యొకత్తా" అన్నాను. అప్పుడే చెప్తే బాగుండేది.

 మోరి బొటనవేలితో వెనక్కి చూపించి, "అయమన్నక్యా" అన్నాడు.

అది నేను ఎప్పుడూ వినని మాట. కానీ విన్న వెంటనే అర్థమైంది. క్షమాపణ చెప్పాలి, తనకు కాదు, వెనకున్న ఖాజాకు. సంతోషించదగ్గ సందర్భం కాదు కానీ, ఒక్క క్షణం సంతోషించాను.

టూల్‌రూమ్‌లో పంచ్ బాగుచేయడానికి మూడు గంటలు పడుతుందన్నారు. ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో కూర్చున్నాం. లుఖ్మీలు తెప్పించాను. మన సమోసాను రోడ్డు రోలరు కింద పెట్టి, మూలలు కోసి, లోపల ఖీమా పెట్టినట్టుంటాయి. ఖాజా ముట్టుకోలేదు.

"ఖాజాగారూ, నాది తప్పు. ఆయన ఆపమన్నారు. నాకు అర్థం కాలేదు. తర్వాత భయపడి అబద్ధం చెప్పాను. క్షమించండి."

అతను చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగాడు.

"నాకు చెప్పుడెందుకు మేడం? నాకు ఎర్కనే గద," అన్నాడు. "నిన్న నిలవడ్డ పన్నెండు మందికి ఎర్క లేదు. శ్రీధర్ సార్‌కు ఎర్క లేదు. గాల్లకు చెప్పున్రి."

"చెప్తాను."

"ఇయ్యాలనే చెప్పాలె. రేపు మీరు తెనాలి పోతరు, నేను లోడింగ్‌ల ఉంట."

మోరికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా లుఖ్మీల ప్లేటు మెల్లగా ఖాజా వైపు జరిపాడు. ఖాజా ఒకటి తీసుకున్నాడు, అది ఆయన జరిపినందుకు.

సాయంత్రం షిఫ్టు మారే వేళ, రెండు షిఫ్టుల వాళ్ళూ ఉన్నప్పుడు, ప్రెస్ దగ్గర నిలబడి చెప్పాను. పిల్లలకు పాఠాలు చెప్పే గొంతు ఆ రోజు రాలేదు. సగంలో యంత్రాల చప్పుడుకు వినబడలేదని వెనకవాళ్ళంటే, మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. తప్పు ఒప్పుకోవడమే కష్టం అనుకుంటే, రెండోసారి గట్టిగా ఒప్పుకోవడం ఇంకా కష్టం.

శ్రీధర్ అంతా విని, చెయ్యి చాపాడు. కరచాలనం అనుకుని నేనూ చాపాను. ఆయన అడిగింది హెల్మెట్. "మీరు రేపు రావొద్దు మేడం. ఏజెన్సీకి నేను మాట్లాడ్త." ఖాజాకు సారీ చెప్పలేదు. "పొద్దున ప్రెస్ మీదికి రా" అని మాత్రం అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, "లిస్టుల పేరు మల్ల రాపిస్త" అన్నాడు.

చివరి రోజు, క్యాంటీన్

నాలుగో రోజు బాగుచేసిన పంచ్‌తో పరీక్ష. ఏజెన్సీ దగ్గర ఇంకో దుబాసీ లేడు. ఏం చేద్దామని శ్రీధర్ తల పట్టుకుంటే, మోరి, "కరుణ-సాన్" అన్నాడట. పొద్దున ఎనిమిదింటికి ఫ్యాక్టరీ జీపు ఇంటి ముందు ఆగింది. కరుణమ్మ చీర కొంగు దోపుకుని, డ్రైవరు తెచ్చిన నా ఎర్ర హెల్మెట్ పెట్టుకుని, అద్దంలో ఒకసారి చూసుకుంది.

"మరి క్యాంటీన్ ఎవలు సూస్తరు?" అన్నాడు డ్రైవరు.

ఇద్దరూ నన్ను చూశారు. నా రైలు సాయంత్రం. చేయక తప్పదు.

రొట్టెలు తట్టేది కరుణమ్మ చెల్లెలు. పెనం మీద కాల్చడం నా పని. అన్నం తినే ఊరి మనిషిని, జొన్నరొట్టె ఎప్పుడు తిప్పాలో నాకేం తెలుసు? మొదటి డజను బొగ్గులయ్యాయి. రెండో డజను సగం బొగ్గులు. ఇరవై అయిదోది నల్లబడగానే నా నోటి నుంచి "అయ్యో, కొగెచత్తా!" అని దానంతటదే వచ్చింది. మాడిపోయింది. పన్నెండేళ్ళలో ఆలోచించకుండా నేను మాట్లాడిన మొదటి జపనీసు అదే. వినడానికి అక్కడ జపాన్ మనిషి లేడు. చెల్లెలు మాత్రం, "ఏందో అనుకుంట అన్నీ మాడవెడ్తుంది" అని గొణుక్కుంది.

ఒంటి గంటకు లైను కట్టారు. ఖాజా నాలుగోవాడు. ప్లేటు చాపాడు. ఒక రొట్టె, పుంటికూర వేశాను.

"డై ఎలా ఉంది?" అన్నాను.

"మంచిగ నడుస్తుంది. కరుణక్క చెప్తె ఖుల్లా సమజైతది. ఆపు అంటె ఆపుతున్నం, కొట్టు అంటె కొడ్తున్నం."  వెళ్ళి గోడ పక్క బెంచీ మీద కూర్చుని, నల్లటి రొట్టె కిక్కురుమనకుండా మొత్తం తిన్నాడు. నేను గరిటె పట్టుకుని అటే చూస్తూ నిలబడ్డాను. వెనకవాళ్ళు ప్లేట్లు మోగించారు.

కాసేపటికి ఖాళీ ప్లేటుతో మళ్ళీ వచ్చాడు.

"ఇంకోటి ఎయ్యున్రి మేడం," అన్నాడు. "జెర తక్కువ మాడింది సూసి."

గంపంతా వెతికాను. అలాంటిది ఒక్కటే దొరికింది. అది అతనికే వేశాను.